పెళ్లిచూపుల వీణ, జపాన్ పూలపళ్లెం

దసరాకి ఇల్లు దులుపుతుంటే గలీబు చిరిగిన నా వీణ బయటపడింది. అయిదేళ్లు నేర్చుకున్నాను. పెళ్లిచూపుల్లో రెండు కీర్తనలు వాయిస్తే అందరూ తలలూపారు. పెళ్లయ్యాక వాయించమని ఎవరూ అడగలేదు. నేనూ తీయలేదు, ఆ తప్పు నాదే.

ఆ మధ్య జపాన్ వాళ్ల ఇకెబానా, అంటే పూలు, కొమ్మలు అమర్చే కళ గురించి చదివినప్పుడు, అరే, వీళ్లదీ మన కథేనే అనిపించింది. 15వ శతాబ్దంలో క్యోటోలోని రొక్కకుదో గుడి పూజారులు పెంచి పోషించిన విద్య అది. తేనీటి సేవలాగే ఇదీ చాలాకాలం ఎక్కువగా మగవాళ్లదే. 1868 తర్వాత ఆడపిల్లల బళ్లు వచ్చాక అమ్మాయిల చదువులో చేరింది. అతోమి కకేయి అనే ఆవిడ 1875లో టోక్యోలో పెట్టిన బడి అలాంటిదే. రానురానూ టీ, పూలు, కుట్టు, వంట అన్నీ కలిపి 'హనయోమె షుగ్యో' అన్నారు. పెళ్లికూతురి శిక్షణన్నమాట! సంబంధాలు చూసేటప్పుడు ఇవి వస్తే ఓ మార్కు ఎక్కువ.

అయితే అక్కడ చాలామంది పెళ్లితో ఆపేయలేదు. మెట్టు మెట్టుకీ ఓ పట్టా ఉంటుంది. పిల్లలు పెద్దయ్యాక టీచరు పట్టా పుచ్చుకుని ఇంట్లోనే నలుగురికి నేర్పుకున్నవాళ్లున్నారు. అలాగని అంతా బంగారమేం కాదు. ప్రతి పట్టాకీ రుసుము కట్టాలి. నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పీఠం మీద తరతరాలుగా మగవాళ్లు! 1927లో పుట్టిన సొగెత్సు సంప్రదాయానికి 1979లో స్థాపకుడి కూతురు కసుమి అధిపతి అయింది. అతి పురాతనమైన ఇకెనోబో వంశంలో 45వ అధిపతి కూతురు వారసురాలిగా 'సెన్కో' అన్న పేరు అందుకున్నది 2015లో.

సరే, నేనూ చేసి చూశాను. లోతు తక్కువ పళ్లెం, అందులో ముళ్లదిమ్మ, మూడు కొమ్మలు. సొగెత్సు వాళ్ల మొదటి పాఠం ప్రకారం పొడుగు కొమ్మ దాదాపు నిటారుగా ఉండాలి. రెండోది దానిలో ముప్పాతిక వంతు, 45 డిగ్రీలు వంచాలి. మూడోది రెండోదానిలో ముప్పాతిక, ఇంకా కిందికి, 75 డిగ్రీలు. మిగతా చోటు ఖాళీ. జడనిండా పూలు పెట్టుకునే చేతులకి ఆ ఖాళీ వదలడమే కష్టం! జామకొమ్మ మూడుసార్లు కత్తిరించి పొట్టి చేసేశాను. మందారం సాయంత్రానికే ముడుచుకుపోయింది.

"దేవుడికి పెట్టక ఆ ముళ్లమీద గుచ్చుతావేమిటే అమ్మాయ్?" అన్నారు అత్తయ్యగారు. చూడ్డానికి ఎవరూ రాని రోజున, ఎవరూ మెచ్చుకోకపోయినా, ఆ గంటసేపు నాకు హాయిగా ఉంది. పాతికేళ్ల క్రితం వీణ దగ్గర అలా ఎప్పుడు కూర్చున్నానో గుర్తులేదు.

మా అమ్మాయిని సంగీతంలో చేర్పించమని బంధువులొకరు సలహా ఇస్తున్నారు, 'రేపు సంబంధాలకి పనికొస్తుంద'ని. దానికి ఇష్టమైతే చేరుతుంది, ఆ మాట మాత్రం దాని చెవిన పడనివ్వను.

వీణకి మేళం కట్టించి, తీగలు మార్పించాలి. "ఇంటిఖర్చులో రాయనా?" అని అడిగారు మావారు. నా పేరు మీద రాయమన్నాను.