మెయిల్ ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చే విషయమై ఉమ్మడి తీర్మానం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల చేనేత వ్యాపారులు, సీడ్ పత్తి ఆర్గనైజర్లు, న్యాయవాదులు, అధ్యాపకుల ఈ సమావేశం కింది తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది.

సమావేశం గమనించినది ఏమనగా: పట్టు, జరీ పంపే వ్యాపారి పేరుతో ‘ఖాతా మారింది, డబ్బు ఇందులో వేయండి’ అని మెయిల్ వస్తే, తెర మీద కనిపించే ఆ పేరు రుజువు కాదు. పంపినవారి పేరు దగ్గర ఎవరి పేరైనా పెట్టుకునే వీలు, 1982లో మెయిల్ పంపే ఎస్‌ఎంటీపీ పద్ధతి వచ్చిన నాటి నుంచీ ఉన్నదే.

మరియు గమనించినది ఏమనగా: అసలు జాడ హెడర్‌లో ఉంటుంది. జీమెయిల్‌లో మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ తెరిస్తే ‘రిసీవ్డ్’ అనే వరుసలు కనిపిస్తాయి. మెయిల్ దాటివచ్చిన ప్రతి సర్వరూ తన వరుసను పైన చేరుస్తుంది గనుక వాటిని కింది నుంచి పైకి చదవాలి. మన మెయిల్ సంస్థ సర్వరు చేర్చిన వరుసను నమ్మవచ్చు. అంతకు కింద ఉన్నవి మోసగాడు కల్పించినవీ కావచ్చు. అదే పేజీలో డీమార్క్ అనే తనిఖీ ‘పాస్’ అయితే మెయిల్ ఆ చిరునామాలోని డొమైన్ నుంచే వచ్చిందని తేలుతుంది, ఖాతాను వాడిన మనిషి ఎవరో తేలదు. బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచి పంపిన మెయిల్‌లో పంపినవారి ఐపీ చిరునామా అసలు కనిపించదు. దానిని ఆ సంస్థ నుంచి పోలీసులే అడిగి తీసుకోవాలి.

సమావేశం విచారిస్తున్నది ఏమనగా: చాలామంది స్క్రీన్‌షాట్‌తోనో, ఫార్వర్డ్ చేసిన మెయిల్‌తోనో స్టేషన్‌కు వెళుతున్నారు. వాటిలో అసలు హెడర్ ఉండదు. ఐపీ చిరునామాకు వెబ్‌సైటు చూపిన ఊరి పేరు పట్టుకుని తెలిసినవారిని అనుమానించడం అంతకంటే బాధాకరం. అలంపూర్‌లో ఉన్న ఫోనుకు హైదరాబాద్ అని చూపవచ్చు. ఒకే ఐపీని ఒకే సమయంలో ఎందరో వాడుతుంటారు కూడా.

సమావేశం గుర్తుచేస్తున్నది ఏమనగా: కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం సంస్థలు లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. ఆ గడువు దాటాక జాడ దొరుకుతుందన్న హామీ లేదు.

కావున సమావేశం తీర్మానించినది ఏమనగా: అనుమానాస్పద మెయిల్‌ను ఎవరూ తుడిచివేయరాదు, దానికి జవాబు ఇవ్వరాదు, ఒరిజినల్‌ను ఫైలుగా దింపి దాచాలి. డబ్బు పోతే ఆ గంటలోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను చేయాలి. ఖాతా మార్పు మెయిల్ వస్తే, ఆ వ్యాపారి పాత నంబరుకు ఫోను చేసి మాట్లాడకుండా ఒక్క రూపాయీ పంపరాదు.

న్యాయవాద సభ్యులు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం హ్యాష్ విలువతో కూడిన ధ్రువపత్రం తయారీలో బాధితులకు ఉచితంగా తోడ్పడాలని తీర్మానించడమైనది. వనపర్తి పాలిటెక్నిక్‌లో హెడర్ చదవడంపై శిక్షణ ఏర్పాటు చేయాలని కళాశాలను కోరడమైనది.

మూడు జిల్లాల ఎస్పీలను, తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరోను సమావేశం కోరుతున్నది ఏమనగా: నేరం జరిగిన చోటుతో నిమిత్తం లేకుండా ఫిర్యాదు తీసుకోవాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 చెబుతున్నందున, ‘మా పరిధి కాదు’ అని ఏ బాధితుడినీ తిప్పి పంపరాదు.