రాయికీ దేవుడికీ యతి

పలనాటిని తిట్టిన ఆటవెలది ఒకటి మాచర్లలో చాలామందికి నోటికి వచ్చు. శ్రీనాథుడి చాటువంటారు. రాళ్ళు, చిన్నాచితకా దేవుళ్ళు, నాగులేటి నీళ్ళు, సజ్జ జొన్న కూడు, పాములు, తేళ్ళు: సీమ లోట్లన్నీ ఏకరువు పెట్టాడని చెప్పి, అర్థం అక్కడితో ముగిస్తారు.

ఒకసారి గురులఘువులు పెట్టి చూడండి. బేసి పాదాల్లో మూడేసి, సరి పాదాల్లో అయిదేసి, మొత్తం 16 సూర్యగణాలు. సూర్యగణం నగణమైనా కావచ్చు, హగణమైనా కావచ్చు. ఇక్కడ 16కి 16 హగణాలే. గురువు, లఘువు, గురువు, లఘువు. నాపరాళ్ళ మీద అడుగు ఆన్చి ఆన్చి నడిచినవాడి నడక అది. క్రియాపదం లేనే లేదు. ఆటవెలదికి అంత్యప్రాస నియమం లేకపోయినా ఏడు మాటలు ఒకే 'ళ్ళు' మీద వాలతాయి.

ఇంద్రగణాలు నాలుగే. వాటిలో రెండు దేవుళ్ళవి, రెండు పాములవీ తేళ్ళవీ. నీళ్ళూ కూడూ పొట్టి గణాలతో సరిపెట్టుకున్నాయి. భయభక్తులున్న చోటే పాదం సాగింది. పద్యం మొత్తంలో మూడు లఘువులు వరసగా వచ్చేది కూడా పాముకూ తేలుకూ నడుమనే. నడక అక్కడ పరుగవుతుంది!

ఇక యతి. మొదటి పాదంలో రాళ్ళకు దేవుళ్ళతో మైత్రి కుదిర్చాడు. కార్తీక అమావాస్యకు కారంపూడి వీరుల గుడికి వెళ్ళేవాళ్ళకు ఆ రెండూ వేరు కావు. రెండో పాదంలో ఏటికీ నాపరాయికీ జోడు. మూడో పాదంలో సజ్జకూ సర్పానికీ. చేలో దిగినవాడికి తెలిసే జోడు అది.

ఇది వట్టి నిందాపద్యమంటే మాకు మనసొప్పదు. గంగను వదలమని శివుణ్ణి నిలదీసే కందం కూడా ఆయనదే అంటారు. అందులో వాదన ఉంది, ఎత్తిపొడుపు ఉంది. ఇందులో ఫిర్యాదు మాట ఒక్కటీ లేదు. అలసినవాడు గడప మీద కూలబడి, దారిలో చూసినవి లెక్కపెట్టుకుంటున్నట్టుంది.

బళ్ళో ఈ పద్యం చెప్పే పంతుళ్ళకు ఒక విన్నపం. నాలుగో పాదంలో ఉన్నది పల్లెనాడు. పిల్లలు అలవాటుగా పలనాడు అనేస్తే ఆపండి. 'పలనాటి' అంటే ఇంద్రగణమవుతుంది, అన్నీ సూర్యగణాలే ఉండాల్సిన పాదంలో అది ఇమడదు. ఎందుకు ఇమడదో పలక మీద గుర్తులు పెట్టి వాళ్ళచేతే చెప్పించండి.