కారు లేదా? అయితే మరీ మంచిది!

మన సినిమాల్లో మందుకి ఉన్నంత మంచి వేషం మరే పానీయానికీ దక్కలేదు. 1953లో దేవదాసు సీసా అందుకున్నాడు. ఆ తర్వాత విలన్ గారి డెన్‌లో బల్ల మీద వ్యాట్ 69 లేకపోతే సీను పండేది కాదు! కానీ పాపం, తెల్ల వైన్‌కి మాత్రం మనవాళ్ళు ఎక్‌స్ట్రా వేషం కూడా ఇవ్వలేదు.

ఇప్పుడీ గొడవంతా ఎందుకంటారా? విజయవాడ నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. సెప్టెంబరులో దంపతులిద్దరూ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న అబ్బాయి దగ్గరికి వెళ్తున్నారట. ఇద్దరికీ తెల్ల వైనంటే ఇష్టమట (ఈ మాట వాళ్ళ వియ్యంకుడి చెవిన వేయకండి!). వైన్ తయారయ్యే చోట్లు కళ్ళారా చూడాలని కోరిక. అబ్బాయికి కారు లేదు. “అద్దెకి తీసుకోమంటారా?” అని ప్రశ్న.

వద్దు మహాశయా, వద్దు! ఎందుకో చెబుతాను, వినండి.

కొన్నేళ్ళ కిందట నేనూ, ఇద్దరు మిత్రులూ అదే రైన్ నది ఒడ్డుకి అద్దె కారులో వెళ్ళాం. నడిపేది మా గుంటూరు మిత్రుడు. మేమిద్దరం గ్లాసులు వాసన చూసి తలలాడిస్తుంటే, వాడు ద్రాక్షరసం తాగుతూ కూర్చున్నాడు. మూడో చోటికి వచ్చేసరికి నాకు జాలేసింది. “ఒక్క గుక్కేరా, షర్బత్తులా ఉంటుంది” అన్నాను. గుక్క గ్లాసయింది. గ్లాసు రెండయింది. చీకటి పడ్డాక ఒక మలుపులో కారు రోడ్డు దిగి, తోట గట్టు రాళ్ళకి కొట్టుకుని ఆగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కానీ స్టీరింగ్ మీద వణికిన వాడి చేతులు నాకింకా కళ్ళ ముందే ఉన్నాయి. “నువ్వేగా తాగమన్నావు” అని వాడు ఆ రాత్రి అనలేదు. ఇప్పటికీ అనలేదు. అని ఉంటే బాగుండేది!

అక్కడి చట్టం కూడా సరదా చట్టం కాదు. రక్తంలో ఆల్కహాలు వెయ్యింట అర వంతుకి చేరితే శిక్ష తప్పదు. 0.3 ఉన్నా సరే, ప్రమాదం జరిగితే కేసే. కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్ళకీ, 21 ఏళ్ళ లోపు వాళ్ళకీ అసలు చుక్క కూడా కూడదు. కారులో వెళ్ళారంటే మీలో ఒకరు త్యాగరాజు కావలసిందే. రైల్లో వెళ్తే త్యాగాలు అక్కర్లేదు.

సరే, ఇక ప్రయాణం. ఫ్రాంక్‌ఫర్ట్ పెద్ద స్టేషన్‌లో వీస్‌బాడెన్ మీదుగా రూడెస్‌హైమ్ వైపు వెళ్ళే లోకల్ రైలెక్కండి. నది పక్కనే పోతుంది. ఆ సీమ పేరు రైన్‌గావ్. ఉత్తరానికి పారే రైన్ ఇక్కడ కాస్త పడమటికి తిరుగుతుంది. దాంతో ఒడ్డు మీది కొండవాలు దక్షిణం వైపు ముఖం పెట్టి రోజంతా ఎండ కాచుకుంటుంది. అక్కడి తోటల్లో సుమారు ముప్పాతిక వంతు రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్షే. తెల్ల వైన్ ప్రియులకి ఇంతకంటే ఏం కావాలి?

మొదటి రోజు ఎల్ట్‌విల్‌లో దిగండి. సుమారు గంట ప్రయాణం. అక్కడ బస్సెక్కితే ఎబర్‌బాఖ్ మఠం. 1136లో సన్యాసులు కట్టుకున్నది. వాళ్ళే వైన్ చేసేవాళ్ళు! ఆనాటి ద్రాక్ష పిండే పెద్ద పెద్ద చెక్క యంత్రాలు ఇప్పటికీ ఉన్నాయి. మన పత్రిక పాఠకులకి మరో విశేషం. జేమ్స్ బాండ్ షాన్ కానరీ సన్యాసి వేషం కట్టి హత్యల గుట్టు విప్పిన ‘ది నేమ్ ఆఫ్ ది రోజ్’ (1986) లోపలి దృశ్యాలు చాలా ఇక్కడే తీశారు. ఆ చీకటి స్తంభాల మధ్య నిలబడితే మీకే తెలుస్తుంది, సెట్టు వేయాల్సిన పనెందుకు లేదో! మఠంలోనే వైన్ రుచి చూపించే దుకాణం ఉంది. తిరిగి ఎల్ట్‌విల్ వచ్చి నది ఒడ్డుకి నడవండి. వేసవి రోజుల్లో అక్కడొక చిన్న అంగడిలో రైతులు వంతులవారీగా తమ వైన్ పోస్తారు.

రెండో రోజు గైజెన్‌హైమ్‌లో దిగి, తోటల మధ్య ఎగువకి నడిస్తే యోహానిస్‌బెర్గ్ కోట. మోకాళ్ళు మొరాయిస్తే బస్సు ఉందిలెండి. ఆ కోట ఆవరణలో గుర్రపు వార్తాహరుడి విగ్రహం ఉంది. 1775లో ద్రాక్ష కోయడానికి అనుమతి తేవలసిన వార్తాహరుడు వారాల తరబడి ఆలస్యం చేశాడనీ, ఈలోగా పళ్ళు బూజు పట్టి ముడుచుకుపోయాయనీ, విధిలేక వాటితోనే చేసిన వైన్ అద్భుతంగా కుదిరిందనీ అక్కడి కథ. మనం ‘ఆలస్యం అమృతం విషం’ అంటాం. అక్కడ ఆలస్యమే అమృతమైంది! సాయంత్రం రూడెస్‌హైమ్. స్టేషన్ నుంచి అన్నీ నడక దూరమే. తీగ మీద కదిలే పెట్టెలో కూర్చుంటే తోటల మీదుగా కొండెక్కిస్తారు. అది చలికాలంలో కొన్నాళ్ళు మూసేస్తారు, మీకా బెంగ లేదు.

నాలుగు జాగ్రత్తలు. రోజుకి రెండే చోట్లు పెట్టుకోండి, మూడోది ఆశ. సీసా మీద ‘ట్రోకెన్’ అని ఉంటే తీపి లేనిదని అర్థం, మా ఆవిడకి తీపే ఇష్టమంటారా, ముందే చెప్పి పోయించుకోండి. ఆదివారం వెళ్ళేటట్టయితే తెరిచి ఉంటారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి, రైలు మార్గంలో మరమ్మతులున్నాయేమో కూడా చూసుకోండి. తిరుగు బస్సు వేళ కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, రెండో గ్లాసు తర్వాత జ్ఞాపకశక్తిని నమ్మకూడదు!

అన్నట్టు, మా గుంటూరు మిత్రుడు ఆ తర్వాత మళ్ళీ నాతో అక్కడికి వచ్చాడు. ఈసారి రైల్లో. కిటికీ పక్క సీటు వాడికే ఇచ్చాను. మొదటి గ్లాసు కూడా వాడికే.