పొట్టివాడైతే హాకీకి పనికిరాడా?

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్లు. 4 అడుగుల 11 అంగుళాలు ఉన్నాడు. గొంతు ఇంకా మారలేదు. హాకీలో ఫార్వర్డ్. ఆట బాగుందని అందరూ మెచ్చుకుంటారు. 'పొట్టివాడు, పెద్ద జట్లలోకి రాడు' అని కూడా అంటారు. నేను 5 అడుగులు, మావారు 5 అడుగుల 5 అంగుళాలు. ఎత్తు పెరిగే పొడులు, ఇంజక్షన్లు వాడమంటారా?
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: అమ్మా, పొడులు కొనకండి. వాటితో ఎత్తు పెరగదు. వాటిలో స్టెరాయిడ్లు కలిసి ఉంటే ఎముకల ఎదుగుదల త్వరగా ఆగిపోయి, రావలసిన ఎత్తు కూడా రాదు.

మీ ఇద్దరి ఎత్తులను బట్టి మీవాడు సుమారు 5 అడుగుల 5 అంగుళాలు కావాలి. మూడంగుళాలు అటూ ఇటూ. గొంతు మారలేదంటే ఆలస్యంగా ఎదిగే రకం కావచ్చు. రుయా ఆస్పత్రిలో చూపించి, ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీయించండి. ఎముకల వయసు పదమూడని తేలితే పెరిగే కాలం ఇంకా ఉన్నట్టే. ఏడాదికి 4 సెంటీమీటర్లయినా పెరగకపోతే థైరాయిడ్, గ్రోత్ హార్మోన్ పరీక్షలు అవసరం. హార్మోన్ లోపం వంటి వైద్య కారణం తేలినవారికే ఇంజక్షన్లు. ఫుట్‌బాల్ ఆటగాడు మెస్సీకి చిన్నతనంలో ఇచ్చిందీ లోపం తేలాకే. ఆయన ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు మాత్రమే.

హాకీ వంగి ఆడే ఆట. ఫార్వర్డ్‌కు ఎత్తు కన్నా వేగం, మణికట్టు నేర్పు ముఖ్యం. అయితే తోపులాటలో నిలబడాలంటే ఒంట్లో బలముండాలి. రాగిసంగటి, పప్పు, గుడ్డు, వేరుశనగలు, పాలు పెట్టండి. తొమ్మిది గంటలు నిద్రపోనివ్వండి.

మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పుట్టిన రజని భారత మహిళల జట్టుకు గోల్‌కీపర్ అయింది. కానీ అంత ఎత్తుకు చేరేది కొద్దిమందే. స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికైనా చదువు కావాలి. ఆటతోపాటు చదువూ సాగనివ్వండి. ముఖ్యంగా, వాడి ముందు 'పొట్టి' అన్న మాట ఎత్తకండి.