పిక్సెల్‌కి ఇరవై రెండు సెంట్లు

మాది రాజోలు దగ్గర ఒక పల్లెటూరు. ఊరెళ్లినప్పుడల్లా నాన్న ఒకటే మాట, "కోనసీమంతా ఇళ్లైపోతోందిరా" అని. ఎంతైపోయిందో తేల్చేద్దాం, సాఫ్టువేరోళ్లం అయ్యుండి ఆ మాత్రం చెయ్యలేమా అనుకుని ఒక శని, ఆదివారాలు ఉపగ్రహ చిత్రాలు ముందేసుకుని కూచున్నా.

చిత్రాలకి కొదవేం లేదు. 1984లో ఎగిరిన లాండ్‌శాట్-5 దగ్గర్నుంచీ ఉన్నాయి, 2008 నుంచి అన్నీ ఉచితం కూడాను. రెండ్రోజులు కుస్తీ పడితే తేలిందేంటయ్యా అంటే, మా ఊళ్లో ఇన్నేళ్లలో కొత్తగా కట్టింది పెద్దగా లేదట! నాన్నకి చెప్తే నవ్వేసారు.

తప్పెక్కడుందో తర్వాత అర్థమైంది. లాండ్‌శాట్‌కి ఒక పిక్సెల్ అంటే 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. మన లెక్కలో 22 సెంట్లు. మావైపు మూడు, నాలుగు సెంట్లలో ఇల్లు, చుట్టూ కొబ్బరిచెట్లు. పైనుంచి చూస్తే మట్టలే కనబడతాయి. 2015లో వచ్చిన సెంటినెల్-2 పిక్సెల్ నయం, రెండున్నర సెంట్లే. కానీ 2020 డిసెంబరులో పల్లెల్లో పేదలకి పంచిన ఇళ్ల స్థలం సెంటున్నర! ఇంకో తమాషా ఏంటంటే, కోతలయ్యాక ఎండిపోయిన చేలు ఈ లెక్కలకి కాంక్రీటులా కనబడతాయి. ఇల్లేమో తోటైపోతుంది, చేనేమో ఇల్లైపోతుంది.

సరే, లెక్క సరిగ్గానే వచ్చిందనుకుందాం. దాంతో ఏం తెలిసినట్టు? కొబ్బరితోటలో కట్టిన ఇల్లూ, వరిచేనుని మెరక చేసి వేసిన లేఅవుటూ ఆ అంకెలో ఒకటే. నేలమీద మాత్రం ఒకటి కాదు. మాది డెల్టా, నీళ్లు మెల్లిగా సముద్రానికి జారాలి. మట్టి తోలి, మురుగు బోదె పూడ్చేసి ప్లాట్లు వేస్తే పక్క చేలో నీళ్లు నిలబడిపోతాయి. నాలుగేళ్లు పంట పోగొట్టుకుని ఆ రైతూ అమ్మేస్తాడు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు ముంపు సమస్య కూడా చెప్పారు కదా.

మన ఆఫీసుల్లో ఎన్ని లైన్ల కోడు రాసారని పని కొలిస్తే నవ్వుకుంటాం. ఏది మార్చారు, దాంతో ఇంకేది చెడింది అని అడుగుతాం. ఊరి నేలనీ అలాగే అడగాలని నా అభిప్రాయం. ఉపగ్రహం ఎక్కడ చూడాలో చెప్తుంది, అంతే. తర్వాత సర్వే నంబరు పట్టుకుని మూడు సంగతులు రాసుకోవాలి: అది ఇదివరకు తోటా, చేనా, చెరువా? ఎన్ని అడుగులు మెరక చేసారు? ఏ బోదె మూసారు? ఈ మూడూ చూసాకే లేఅవుటుకి అనుమతివ్వాలి.

మొన్న పండక్కెళ్లినప్పుడు నాన్నతో గట్టు మీద నడిచా. ఒక్క పూటలో పూడిపోయిన బోదెలు మూడు చూపించారు. నా రెండ్రోజుల లెక్కలో వాటిల్లో ఒక్కటీ లేదు.