ఊరు దాటకుండానే ‘పూల్ డే’.. మరి ఆ నీళ్లు ఎక్కడివి?

ఎండాకాలం సెలవులు వచ్చాయంటే మౌలాలి ఇళ్లలో రెండే ప్రశ్నలు. ఊరికి టికెట్ దొరికిందా? దొరక్కపోతే పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలి?

పక్కనే చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరిలో అందుబాటులోకి వచ్చింది. అయినా సమ్మర్‌లో వైజాగ్ వైపు బెర్త్ అంటే వెయిటింగ్ లిస్టే. ఊటీ, అరకు అంటే నాలుగు రోజుల లీవు, చేతిలో డబ్బు రెండూ కావాలి. అందుకే హౌసింగ్ బోర్డు కాలనీ నుంచి రైల్వే క్వార్టర్స్ దాకా ఇప్పుడు చాలామంది పట్టుకున్న దారి ‘డే ఔటింగ్’. పొద్దున టిఫిన్ టైమ్‌కి బయల్దేరాలి. శామీర్‌పేట, కీసర, ఘట్‌కేసర్ వైపు ఏదో ఒక రిసార్టుకు చేరాలి. మధ్యాహ్నం దాకా పూల్, తర్వాత భోజనం, మళ్లీ పూల్. సాయంత్రం టీ తాగి ఇంటికి. ప్రయాణం పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూ. హోటల్ గది ఖర్చు లేదు, సామాన్లు సర్దే గొడవ అంతకన్నా లేదు.

తెలంగాణలో 2025 వేసవి సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు.. అంటే 49 రోజులు. అన్ని రోజులు పిల్లల్ని రెండు గదుల ఇంట్లో కూలర్ ముందు కూర్చోబెట్టడం ఎంత కష్టమో తల్లులకే తెలుసు. పైగా మౌలాలిది గుట్ట చుట్టూ పెరిగిన ఊరు. పగలంతా కాగిన రాయి, కాంక్రీటు రాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటాయి. కాబట్టి ఒక్క రోజు నీళ్లలో ఆడుకోవాలన్న కోరికను ఎవరూ తప్పు పట్టలేరు.

అసలు ప్రశ్న వేరే ఉంది. అదే ఏప్రిల్, మే నెలల్లో కాలనీల్లో బోర్లు ఎండుతాయి. ట్యాంకర్ బుక్ చేసి ఫోన్ పట్టుకుని ఎదురుచూస్తుంటారు. మరి అటు పూల్ నిండుగా ఎలా ఉంటోంది?

ఎడారి కంటే మనమే నయమా?

దుబాయ్ పూల్ రీల్స్ చూసి ‘ఎడారిలోనే అన్ని నీళ్లుంటే మనకేంటి’ అనుకునేవాళ్లున్నారు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. దుబాయ్‌లో అందులో ఎనిమిదో వంతు కూడా కష్టమే. కానీ దుబాయ్ పక్కన సముద్రం ఉంది. ఆ నీటి ఉప్పు తీసి వాడుకునే ప్లాంట్లున్నాయి. కరెంటు ఖర్చవుతుంది తప్ప పక్కింటి బోరు ఎండదు.

ఇక్కడ కథ వేరు. దక్కన్ కింద ఉన్నది గ్రానైట్. నీళ్లు నిలిచేది పైనున్న మెత్తబడిన రాతి పొరలో, కింద పగుళ్లలో మాత్రమే. ఒకచోట పెద్ద మోటారు పెట్టి రోజంతా తోడితే పక్కనున్న చిన్న బోరు ముందు ఎండిపోయే అవకాశం ఎక్కువ. 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి. ఎవరు తీసుకుంటున్నారు, ఎవరు చూస్తున్నారు అన్నది ఊరూరా తెలిసిన సంగతే.

ఇక నగరానికి తాగునీళ్లంటారా.. గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి సుమారు 186 కిలోమీటర్ల పైప్‌లైన్‌లో శామీర్‌పేట దగ్గర ఘన్‌పూర్‌కు చేరతాయి. కృష్ణా నీళ్లు నాగార్జున సాగర్ వైపు నుంచి ఎత్తిపోయాలి. ఇది చాలక మల్లన్నసాగర్ నుంచి 20 టీఎంసీలు తెచ్చే గోదావరి రెండు, మూడు దశల పనులకు 2025 సెప్టెంబర్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. అంచనా వ్యయం రూ.7,360 కోట్లు. ఇంత దూరం నుంచి తెచ్చుకునే ఊళ్లో లీటరు లీటరుకూ లెక్క ఉండాల్సిందే.

లెక్క వేస్తే తేలేది ఇదీ

ఓ మామూలు రిసార్ట్ పూల్ తీసుకుందాం. 25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు. నింపాలంటే 3 లక్షల లీటర్లు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 60! నగరంలో ఒక ఇంటికి నెలకు ఉచితంగా ఇస్తున్నది 20 వేల లీటర్లు. ఆ లెక్కన 15 ఇళ్ల నెల కోటా.

వినగానే గుండె గుభేల్‌మంటుంది. కానీ ఇక్కడే ఆగితే తప్పు లెక్క అవుతుంది. ఫిల్టర్ సరిగా నడిచే పూల్‌లో అవే నీళ్లు నెలల తరబడి తిరుగుతుంటాయి. రోజూ పోయేది ప్రధానంగా ఆవిరి. మండు వేసవిలో రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైతే ఈ పూల్‌లో తగ్గేది 2 వేల లీటర్లు. ఫిల్టర్ కడగడానికి, పిల్లలు బయటకు చిమ్మడానికి ఇంకొంత. రోజుకు 200 మంది దిగితే ఆవిరి లెక్క మనిషికి 10 లీటర్లు.. ఒక బకెట్ కూడా కాదు. నిజానికి ఇంటిల్లిపాదీ ఇంట్లో రెండుసార్లు షవర్ కింద నిలబడితే అంతకంటే ఎక్కువే పోతుంది.

మరి సమస్య ఎక్కడ? వీకెండ్‌కు అద్దెకిచ్చే ఫామ్‌హౌస్‌ల చిన్న పూల్స్‌లో. చూడటానికి ముద్దుగా ఉంటాయి. 10 మీటర్లు, 5 మీటర్లు, అదే లోతు అనుకున్నా 60 వేల లీటర్లు. ఫిల్టర్ లేదనుకోండి, రెండు రోజులకే నీళ్లు పచ్చబడతాయి. వదిలేసి మళ్లీ బోరు ఆన్ చేయడమే. వారానికోసారి మార్చారంటే నెలకు 2 లక్షల 40 వేల లీటర్లు. వారానికి 20 మంది బ్యాచ్ వచ్చిందనుకుంటే మనిషికి 3 వేల లీటర్లు! పెద్ద రిసార్ట్ మీద పడే నింద చాలావరకు పడాల్సింది ఇక్కడ. ‘మా ఒక్కళ్లకే ప్రైవేట్ పూల్’ అనే మాట వినడానికి బాగానే ఉంటుంది గానీ, నీటి లెక్కలో అంత ఖరీదైన సరదా ఇంకోటి లేదు.

ఈ తేడాను ఎడారి నగరం ముందే పట్టుకుంది. అమెరికాలో లాస్ వేగస్ ఉన్న క్లార్క్ కౌంటీ 2022లో ఇళ్లలో కట్టే కొత్త పూల్స్ 600 చదరపు అడుగులు దాటకూడదని రూల్ పెట్టింది. గురి ఇళ్ల మీదే, రిసార్టుల మీద కాదు. మన పక్కన బెంగళూరు 2024 మార్చిలో కరువు ముదిరాక మేల్కొంది. తాగునీటిని స్విమ్మింగ్ పూల్స్‌లో వాడొద్దని అక్కడి జలమండలి ఆదేశించింది, కాదంటే రూ.5 వేల జరిమానా అంది. కరువు వచ్చాక ఆదేశం ఇవ్వడం తేలికే. వచ్చేలోపు పూల్స్ ఎన్ని, ఫిల్టర్ ఉన్నవెన్ని అని ఒక లిస్టు తయారు చేసుకోవడం మన దగ్గర అంతకంటే తేలిక. ఆ పని పంచాయతీలు, మున్సిపాలిటీలు చేయగలవు.

నీళ్ల కంటే ముందు పిల్లలు

ఎన్‌సీఆర్‌బీ లెక్కల ప్రకారం 2022లో దేశంలో నీట మునిగి చనిపోయినవాళ్లు 38 వేలకు పైనే. రిసార్ట్ పూల్స్ వాటా అందులో చిన్నది కావచ్చు. కానీ మునిగే పిల్లలు సినిమాల్లోలా అరవరు, చేతులు ఊపరు. చప్పుడు లేకుండా జారిపోతారు. ఒడ్డున పెద్దవాళ్లు పది మంది ఉన్నా ‘ఎవరో ఒకరు చూస్తున్నారులే’ అనుకోవడమే అసలు ప్రమాదం. ఫామ్‌హౌస్‌లో అయితే లైఫ్‌గార్డ్ మాటే ఉండదు.

బుక్ చేసే ముందు ఫోన్‌లో అడగాల్సింది మెనూ ఒక్కటే కాదు. లైఫ్‌గార్డ్ ఏ టైమ్ నుంచి ఏ టైమ్ దాకా ఉంటాడు? పిల్లల పూల్ విడిగా ఉందా? లోతు అంకెలు గోడ మీద రాశారా? వెళ్లాక అడుగు గచ్చు స్పష్టంగా కనిపించకపోతే దిగొద్దు. ఇంకో మాట.. క్లోరిన్ వాసన ఘాటుగా వస్తోందంటే నీళ్లు శుభ్రంగా ఉన్నట్టు కాదు. చెమట, మూత్రంతో క్లోరిన్ కలిసినప్పుడు వచ్చే వాసన అది. పూల్ నీటి నాణ్యతకు ఐఎస్ 3328 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఆ రోజు చేసిన టెస్ట్ రిజల్ట్ చూపించమని అడిగితే చూపించే రిసార్టును నమ్మొచ్చు.

రిసార్టుకు వెళ్లలేని ఇంటి సంగతేంటి? లంచ్‌తో కలిపి మనిషికి వెయ్యి, రెండు వేలు అంటే నలుగురున్న ఇంటికి అది నెల కిరాణా బిల్లు. జీహెచ్ఎంసీ పూల్ సికింద్రాబాద్‌లో ఉంది. పెద్ద ఆక్వాటిక్ కాంప్లెక్స్ కావాలంటే ఊరి ఆ చివర గచ్చిబౌలి పోవాలి. 200 మందికి ఒక పూల్ అనే లెక్క నీటికీ, జేబుకీ రెండింటికీ కలిసొస్తుందని పైన చూశాం. ఈత నేర్పే కోచ్‌తో అలాంటి పూల్ మౌలాలి, కుషాయిగూడ వైపు కార్పొరేషన్ ఒకటి కట్టినా, సెలవుల్లో క్యూ మాత్రం రోడ్డు దాకా ఉంటుంది.