స్టాండ్‌బైకి పని అప్పగించి చూడాలి

విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారంలో ప్రమాద సైరన్ మోగించే మీటలు 36 చోట్ల ఉండేవి. 2020 మే 7 తెల్లవారుజామున ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి పాకినప్పుడు వాటిలో ఒక్కదాన్నీ ఎవరూ నొక్కలేదు. పన్నెండు మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ ఇంకో సంగతి కూడా బయటపెట్టింది. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే సాధనం అడుగుభాగంలోనే ఉంది. మధ్యలో లేదు, పైన లేదు. పై పొరలు ఎంత వేడెక్కినా కంట్రోల్ రూములో కనపడే అంకె మాత్రం అడుగుదే.

ఆ అంకె తనను పెట్టిన చోటి సంగతి నిజమే చెప్పింది. ప్రమాదం పైన పుట్టింది.

ఇది రసాయన కర్మాగారాల గొడవేనని వదిలేయడానికి లేదు. 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి భారీ డేటా కేంద్రం కడతామని ప్రకటించింది. సముద్రం అడుగు నుంచి వచ్చే కేబుళ్లూ ఇక్కడే ఒడ్డు చేరతాయట. పోర్టుకీ ఉక్కుకీ పేరుపడ్డ ఊరు సర్వర్ల ఊరు కూడా కాబోతోంది. ఎన్ని ఎకరాలు, ఎంత కరెంటు, ఎన్ని నీళ్లు, ఎన్ని ఉద్యోగాలు అన్న చర్చ నడుస్తోంది, నడవాలి కూడా. అడగాల్సిన మరో మాట ఉంది. ఒక సర్వర్ పడిపోతే దాని పని అందుకోవాల్సిన రెండోది నిజంగా అందుకోగలదా? ఆ సంగతి ఎవరు, ఎన్నాళ్లకోసారి చూస్తున్నారు?

ఇలా ఒకదానికొకటి ఆసరాగా పనిచేసే సర్వర్ల గుంపును క్లస్టర్ అంటారు. అవి సెకనుకో అర సెకనుకో ‘నేనున్నాను’ అంటూ ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. దానికి హార్ట్‌బీట్ అని పేరు. వరుసగా కొన్ని కబుర్లు అందకపోతే అవతలిది పోయిందని లెక్కగట్టి రెండోది పని తన చేతిలోకి తీసుకుంటుంది. అదే ఫెయిలోవర్. వినడానికి తేలికే. కానీ కబురు రాలేదంటే అవతలిది పోయిందనే అర్థమా? మధ్యలో తీగ తెగి ఉండొచ్చు. అప్పుడు రెండూ బతికే ఉండి, రెండూ తానే పెద్దననుకుని పని మొదలుపెడతాయి. కొట్టులో ఒకే ఖాతా పుస్తకానికి రెండు నకళ్లు పెట్టుకుని, ఇద్దరు గుమాస్తాలు ఒకరికి తెలియకుండా ఒకరు పద్దులు రాసుకుపోతే సాయంత్రానికి ఏమవుతుందో అదే అవుతుంది.

2018 అక్టోబరు 21న, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో జరిగింది ఇలాంటిదే. అమెరికా తూర్పు తీరంలోని కేంద్రాల మధ్య 43 సెకన్లు లింకు తెగింది. ఆ కాసేపట్లోనే డేటాబేస్ పెత్తనం పడమటి తీరానికి మారిపోయింది. అటు కొన్ని పద్దులు, ఇటు కొన్ని పద్దులు. వాటిని సరిచూసి మామూలు స్థితికి రావడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. అందుకే జాగ్రత్తగా కట్టిన క్లస్టర్లలో మూడో ఓటు పెడతారు. గట్టు తగాదాలో ఇద్దరి మాటా విని చెప్పే పెద్దమనిషి లాంటిది అది. ఆ మూడోదానికి ఎవరు కనపడితే పెత్తనం వాళ్లదే, రెండోవాళ్లు కలం కింద పెట్టేయాలి.

ఇంతవరకూ ఇంజనీర్లకు తెలిసిందే. అసలు లోటు ఆ తర్వాత ఉంది. హార్ట్‌బీట్ వస్తోందంటే యంత్రం ఊపిరి తీస్తోందని మాత్రమే. పని చేయగలదా అన్నది వేరే ప్రశ్న. డిస్కు నిండిపోయిన సర్వర్ కూడా చక్కగా ‘నేనున్నాను’ అనగలదు. వారం కిందట నకలు తీసుకోవడం ఆగిపోయినదీ అదే మాట అంటుంది. తెర మీద పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది.

ఈ తేడా విశాఖలో ఉక్కు పని, రేవు పని తెలిసినవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. స్టీల్ ప్లాంటులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులు. అలాంటి కొలిమికి చల్లని నీళ్లు ఆగకూడదు, ఆగితే రాగి భాగాలు కరిగిపోతాయి. అందుకే ఏ పంప్‌హౌసులో చూసినా నడిచే పంపు పక్కన స్టాండ్‌బై పంపు ఉంటుంది. అనుభవమున్న ఆపరేటరు దాని స్విచ్ దగ్గర వెలిగే దీపం చూసి ఊరుకోడు. వంతు ప్రకారం ఛేంజ్ ఓవర్ చేస్తాడు. సక్షన్ వాల్వ్ తెరిచి ఉందో లేదో చూసి పంపు ఆన్ చేస్తాడు. ఆంపియర్లు చూస్తాడు, బేరింగ్ మీద అరచెయ్యి ఆనిస్తాడు. ప్రెషర్ నిలబడ్డాక డెలివరీ వాల్వ్ మెల్లగా తిప్పి, అప్పుడు పాత పంపు ఆపుతాడు. ఆపాక కూడా ఓ క్షణం దాని షాఫ్టు వైపే చూస్తాడు. అది వెనక్కి తిరుగుతోందంటే నాన్ రిటర్న్ వాల్వ్ పట్టడం లేదన్నమాట. ఆ లోపం ఏ దీపంలోనూ కనపడదు. పని చేతులు మారినప్పుడే బయటపడుతుంది.

టోక్యో స్టాక్ ఎక్స్ఛేంజి ఆ పరీక్షలోనే తప్పింది. 2020 అక్టోబరు 1న ఒక డిస్కు పరికరంలో మెమరీ చెడింది. పక్కనే రెండోది ఉంది. దానంతట అది మారాలి, మారలేదు. మాన్యువల్‌లో రాసినదానికీ, ఆ సెట్టింగుతో పరికరం నిజంగా చేసేదానికీ పొంతన లేదని తర్వాత తేలింది. ఆ రోజంతా అక్కడ ఒక్క షేరు కూడా చేతులు మారలేదు.

మరుసటి ఏడాది ఫిబ్రవరి 24న మన నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి (ఎన్‌ఎస్‌ఈ) వంతు వచ్చింది. ఉదయం 11.40కి ఆగిన లావాదేవీలు మళ్లీ మొదలయ్యేసరికి 3.45 అయింది. చెన్నైలో ప్రత్యామ్నాయ కేంద్రం ఉంది, అయినా పని అక్కడికి మారలేదు. ఆ దెబ్బతో షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధనలు బిగించింది. విపత్తని ప్రకటించిన 45 నిమిషాల్లో ప్రత్యామ్నాయ కేంద్రం నుంచి పని మొదలుకావాలంది. 2024 మార్చి 2, శనివారం ఎన్‌ఎస్‌ఈ నిజమైన లావాదేవీలతోనే ఓ ప్రత్యేక సెషన్ నడిపింది. మొదటి భాగం ప్రధాన కేంద్రం నుంచి, రెండో భాగం ప్రత్యామ్నాయ కేంద్రం నుంచి. ముందే చెప్పి, అందరి కళ్లెదుట చేశారు. మెచ్చుకోవాల్సిన పని అది.

షేర్ల బజారుకు ఉన్న ఈ కట్టుబాటు ఆసుపత్రికీ కరెంటుకూ ఎందుకు ఉండకూడదు?

హుద్‌హుద్ తుపాను చూసిన ఊరికి ఈ ప్రశ్న అడిగే హక్కు ఇంకా ఎక్కువ. 2014 అక్టోబరు 12న గంటకు 180 కిలోమీటర్ల గాలి నగరం మీదుగా పోయింది. కరెంటు పోయింది. టవర్ల బ్యాటరీలు, డీజిలు అయిపోయి ఫోన్లు మూగబోయాయి. తుపానును కనిపెట్టి ఉండాల్సిన కైలాసగిరి రాడార్ కూడా ఆ గాలికే దెబ్బతింది. కాపలా కాసే కన్ను కూడా అదే గాలికి ఎదురుగా ఉంటే ఏమవుతుందో ఊరంతా చూసింది. సర్వర్ల ఆరోగ్యం చూసే వ్యవస్థ ఆ సర్వర్లున్న భవనంలోనే, అదే జనరేటరు మీద నడుస్తుంటే అదీ ఇలాంటిదే. ఆ కన్ను కర్నూలులోనో హైదరాబాదులోనో ఉండాలి.

నడుస్తున్నదాన్ని కదిపి తలనొప్పి ఎందుకు తెచ్చుకోవాలన్న భయం అధికారుల్లో ఉంటుంది. ఆ భయం అర్థంలేనిది కాదు. కదిపితే ఆగొచ్చు. కానీ అందరూ సిద్ధంగా ఉన్న ఆదివారం ఉదయం ఆగితే పది నిమిషాల్లో నిలబెట్టుకోవచ్చు. తుపాను రాత్రి, రోడ్ల మీద చెట్లు పడి, ఇంజనీరు గాజువాకలో చిక్కుకుపోయినప్పుడు ఆగితే ఎవరూ ఏమీ చేయలేరు.

తుపానుల కాలానికి ముందు, ఆగస్టులో ఒక ఆదివారం ఎంచుకోవాలి. పెద్దాసుపత్రి ఓపీ రికార్డులు, 108 కాల్స్, విద్యుత్ పంపిణీ కంట్రోల్ రూము, పోర్టు నౌకల రాకపోకల వివరాలు, వీటి ప్రధాన సర్వర్లను కావాలనే ఆపి, సాయంత్రం దాకా రెండోవాటి మీదే నడపాలి. ఏది ఎన్ని నిమిషాల్లో మారిందో, ఏది అసలు మారనే లేదో సోమవారం పొద్దున పేపర్లో రావాలి.